వెనకచేతుల మామయ్య, ‘ఏమో’ బటను

మామయ్య ఉద్యోగం కంప్యూటర్లు బాగుచెయ్యడం. మామయ్య నియమం కంప్యూటర్ని ముట్టుకోకపోవడం. ఈ రెండూ ఒకే మనిషిలో ఎలా ఇమిడాయా అని ఆశ్చర్యపోతున్నారా? మీకంటే ముందు ఆశ్చర్యపోయినవాళ్ళు ఆ పార్సిల్ ఆఫీసులో మూడంతస్తుల నిండా ఉన్నారు. వాళ్ళ వెనక వరసలో నిలబడండి.

ఫోన్ చేస్తే మామయ్య రావడం మాత్రం వెంటనే వచ్చేవాడు. వచ్చి, చేతులు రెండూ వీపు వెనక పెట్టుకుని, ఎగ్జిబిషన్లో బొమ్మ చూడ్డానికి టిక్కెట్టు కొన్నవాడిలా తెర వంక చూస్తూ నిలబడేవాడు.

“స్క్రీను నల్లబడిపోయిందండీ!”

“ఆహా, బాగానే నల్లబడింది. మీరు ఆ ఎడంపక్క తీగని కాస్త లోపలికి నొక్కండి.”

“మీరే నొక్కొచ్చుగా?”

“మీకు దగ్గరగా ఉంది.”

తీగ మామయ్యకే దగ్గరగా ఉండేది. ఒక్కోసారి ఆయన చొక్కా జేబుకి తగులుతూ ఉండేది. అయినా సరే, కుర్చీలో ఉన్న మనిషి వంగి, సాగి, మామయ్య పొట్ట పక్కనుంచి చెయ్యి పోనిచ్చి ఆ తీగని నొక్కాల్సిందే. తెర వెలిగేది. “భలే నొక్కారండీ” అని మెచ్చుకుని, ఆ చేతులు అలాగే పెట్టుకుని, మామయ్య మెట్లు దిగి వెళ్ళిపోయేవాడు.

అందుకని ఆఫీసువాళ్ళు ఆయనకి వెనకచేతులాయన అని పేరు పెట్టారు. తర్వాత ఆయన మేనకోడలు అక్కడే ఉద్యోగంలో చేరి “మామయ్యా” అని పిలవడం మొదలుపెట్టేసరికి అందరికీ మామయ్య అయిపోయాడు. ఆయనకంటే వయసులో పెద్దయిన వాచ్‌మన్‌కి కూడా.

ఆ చేతుల సంగతి మీద ఆఫీసులో రకరకాల పరిశోధనలు జరిగాయి. “ఎప్పుడో షాక్ కొట్టుంటుంది, పాపం. అప్పట్నుంచీ భయం” అని వాచ్‌మన్. “భయమూ కాదు, గియమూ కాదు, బద్ధకం” అని లేబుల్ సెక్షన్. “అసలు ఆయనకి పని రాదేమో! మనచేత చేయించుకుని మన దగ్గరే నేర్చుకుంటున్నాడు” అని స్టోర్‌కీపరు. ఈ ఆఖరి మాట చెవిన పడ్డప్పుడల్లా మేనకోడలికి గుండెల్లో రాయి పడేది. ఎందుకంటే ఆమెకీ లోపల్లోపల అదే అనుమానం.

ఇంట్లోనూ ఆయన అంతే. కుళాయి కారుతుంటే పక్కన నిలబడి, “ఎటువైపు తిప్పితే ఎక్కువ కారుతోంది?” అని అడిగేవాడు. “మీ వైపు తిప్పితే” అనేది అత్తయ్య. ఆవిడకి మొగుడి మీద ఉన్న ఫిర్యాదు ఒక్కటే. “ఆయన చేతులు పెళ్ళిలో చూశానే. తర్వాత చూద్దామంటే వీపు చుట్టూ తిరగాల్సి వస్తోంది.”

మేనకోడలు అంటే మామయ్య అక్క కూతురు. ప్రోగ్రాములు రాసే పిల్ల. మాట గట్టి, నడక గట్టి, టైపు చేస్తే కీబోర్డు బల్ల చివరిదాకా జరిగేటంత గట్టి. ఉద్యోగం ఇంకా ట్రయల్ మీదే ఉంది కాబట్టి వేరే గది తీసుకోకుండా మామయ్య ఇంట్లోనే ఉంటోంది. చేరిన కొత్తలోనే ఆమె ఒక సంగతి కనిపెట్టింది. మామయ్య ఒక్కడు, మెషిన్లు మూడంతస్తులు. ఆయన పైకెక్కేలోపు కింద ఒకటి మొరాయిస్తుంది, దిగేలోపు మధ్యలో ఇంకొకటి. మిగతా బ్రాంచీల్లో అయితే ఆ ఒక్కడు కూడా లేడు.

“మామయ్య బుర్రలో ఉన్నదంతా ఒక ప్రోగ్రాంలో పెడతాను సార్” అంది మేనేజరుతో. “మెషిన్ పాడైతే ఎవర్నీ పిలవక్కర్లేదు. గైడు తెరుస్తారు. అది ఒక ప్రశ్న అడుగుతుంది. జవాబు నొక్కితే, ఆ జవాబుని బట్టి ఇంకో ప్రశ్న. అలా అడుగుతూ అడుగుతూ రోగం ఎక్కడుందో అక్కడికి చేర్చి, ఏం చెయ్యాలో చెబుతుంది. ఆ ప్రశ్నలన్నీ విడిగా ఒక స్క్రిప్టులో ఉంటాయి. మామూలు తెలుగులో, ప్రశ్న ఇదీ, అవునంటే ఇక్కడికి వెళ్ళు, కాదంటే అక్కడికి వెళ్ళు, అంతే. రేపు కొత్త ప్రింటరు వస్తే ప్రోగ్రాం జోలికి వెళ్ళక్కర్లేదు. స్క్రిప్టులో నాలుగు వాక్యాలు చేరిస్తే చాలు.”

మేనేజరు హుషారైన మనిషి. లిఫ్టు వచ్చేదాకా ఆగలేక మెట్లెక్కి, సగంలో లిఫ్టు తనని దాటిపోతుంటే తిట్టుకునే రకం. “ఇన్ని ప్రశ్నలెందుకమ్మాయ్? ఒక్క బటను పెట్టు. బాగుచెయ్యి అని. నొక్కితే బాగైపోవాలి” అన్నాడు.

“అదీ పెట్టొచ్చు సార్. కొన్నిటిని స్క్రిప్టే చేసెయ్యగలదు.”

“అయితే సరే. సోమవారం చూపించు. మన క్యాషియరమ్మ ఉందిగా, ఆవిడ ఎవర్నీ పిలవకుండా నీ గైడుతో తన మెషిన్ తను బాగుచేసుకోవాలి. చేసుకుందా, అన్ని బ్రాంచీలకీ ఇదే తీసుకుంటాం, నీ ఉద్యోగం పర్మనెంటు. లేదా, లేబుల్ సెక్షన్లో చిరునామాలు టైపు చేసుకుంటూ ఉండు.”

క్యాషియరమ్మ పేరు వినగానే మేనకోడలి హుషారు సగం దిగింది. డబ్బు లెక్కలో ఆవిణ్ణి మించినవాళ్ళు ఆ ఆఫీసులో లేరు. కంప్యూటర్ దగ్గర మాత్రం, మౌసుని ఎక్కడ కరుస్తుందో అన్నట్టు రెండు వేళ్ళతో పట్టుకునేది.

సరే, ఇంటికొచ్చి మేనకోడలు లాప్‌టాప్ తెరిచింది. మామయ్య పక్కన నిలబడ్డాడు. చేతులు ఎక్కడున్నాయో చెప్పక్కర్లేదు కదా. ఆమె మొదటి ప్రశ్న చదివింది. “మీ పరికరము విద్యుత్ సరఫరాకు అనుసంధానించబడి ఉన్నదా?”

మామయ్య ఉలిక్కిపడ్డాడు. “ఎవరే అడుగుతున్నది? కరెంటు ఆఫీసువాళ్ళా?”

“నేనే మామయ్యా. గైడు.”

“మనిషి భయపడి స్విచ్చి వెయ్యడం కూడా మానేస్తాడు. డబ్బా మీద చిన్న దీపం వెలుగుతోందా అని అడుగు.”

ఆమె మార్చింది. “కాదంటే, ‘లోపం: వినియోగదారుడు స్విచ్చి వేయలేదు’ అని వస్తుంది.”

“వినియోగదారుడా? మన ఆఫీసులో ఆ పేరుగలాయన లేడే!”

“మామయ్యా!”

“తీసెయ్యి తల్లీ. ఆయనెవరో ఏం చెయ్యలేదో మనకెందుకు? దీపం వెలగాలంటే ఏం చెయ్యాలో అది చెప్పు.”

అలా ఒక్కో ప్రశ్నకీ ఒక యుద్ధం. అన్నింటికంటే పెద్ద యుద్ధం మూడో బటను దగ్గర జరిగింది. తెర మీద అవును, కాదు అని రెండు బటన్లు ముచ్చటగా అమర్చుకుంది మేనకోడలు. మామయ్య చాలాసేపు చూసి, “ఇంకోటేదే?” అన్నాడు.

“ఇంకోటేంటి?”

“ఏమో.”

“నువ్వే అడిగి, మళ్ళీ నువ్వే ఏమో అంటావేంటి?”

“అదేనే. ఏమో అని ఒక బటను ఉండాలి.”

మేనకోడలు నెత్తి పట్టుకుంది. “మామయ్యా, కంప్యూటర్లో ఉన్నవి రెండే. అవును, కాదు. మూడోది లేదు.”

“కంప్యూటర్లో రెండే. కుర్చీలో మూడు” అన్నాడు మామయ్య, అటు గోడ మీద బల్లిని చూస్తూ. “అవునో కాదో తెలిసినవాళ్ళు నాకు ఫోనెందుకు చేస్తారే? నా ఉద్యోగమంతా ఏమో అనేవాళ్ళతోనే.”

“ఏమో అని నొక్కితే ఏం చూపించమంటావ్?”

“ఇంకాస్త దగ్గరికి తీసుకెళ్ళు. దీపం వెలుగుతోందా అంటే ఏమో అన్నారనుకో, దీపం ఎక్కడుంటుందో బొమ్మ వేసి చూపించు. అయినా ఏమో అంటే, గదిలో లైటు ఆర్పి చూడమను. అప్పుడు కనబడి తీరుతుంది.”

వాదించి వాదించి, చివరికి ఆ మాటలో ఉన్న పస ఏమిటో ప్రోగ్రాములు రాసే బుర్రకి తట్టింది. పెద్ద ప్రశ్నకి ఏమో అంటే దాన్ని చిన్న ప్రశ్నలుగా విరగ్గొట్టాలి. వాటికీ ఏమో అంటే ఇంకా చిన్నవిగా. ఇక చూడండి, పిల్లకి పూనకం వచ్చింది. ఏమో కింద ఏమో, దాని కింద ఇంకో ఏమో. స్క్రిప్టు మర్రి ఊడల్లా... కాదు, ఉల్లిపాయ పొరల్లా విచ్చుకుంటూ పోయింది. భోజనానికి పిలిచి “కూర ఇంకొంచెం వెయ్యనా?” అని అత్తయ్య అడిగితే “ఏమో” అంది. “అయితే గిన్నె దగ్గరికి తెచ్చి చూపిస్తానుండు” అంది అత్తయ్య, సీరియస్‌గా.

ఆ అత్తయ్య మీదే మొదటి పరీక్ష జరిగింది. గైడుకి ఏ స్క్రిప్టు ఇస్తే ఆ పని చెబుతుంది కాబట్టి, తిరగనని మొండికేసిన వంటింటి మిక్సీ కోసం మేనకోడలు గబగబా ఒకటి రాసి, లాప్‌టాప్‌ని గట్టు మీద పెట్టింది. మామయ్య గుమ్మంలో నిలబడ్డాడు. జాడీ నిండా టమాటాలు.

“జాడీ గాడిలో కూర్చుందా?” అని తెర అడిగింది.

“ఏమో” నొక్కింది అత్తయ్య. “భలే ఉందే ఈ బటను! మీ మామయ్య దగ్గర కూడా ఇలాంటిది ఉంటే బాగుండేది.”

“జాడీని కుడివైపు తిప్పండి. టక్కున శబ్దం వచ్చిందా?”

టక్కుమంది. “అవును” నొక్కింది.

“ఇప్పుడు స్విచ్చి తిప్పండి.”

తిప్పింది. మిక్సీ బ్రహ్మాండంగా తిరిగింది. మూత పెట్టండి అని మాత్రం స్క్రిప్టులో ఎక్కడా లేదు. గోడ ఎర్రబడింది, కప్పు ఎర్రబడింది, అత్తయ్య జడ ఎర్రబడింది, లాప్‌టాప్ తెర మీద అవును, కాదు, ఏమో మూడూ ఒకటే రంగులోకి వచ్చాయి. మామయ్య ముక్కు చివర్నుంచి టమాటా గుజ్జు బొట్టుబొట్టుగా జారుతోంది. తుడుచుకోవడానికి కూడా ఆ చేతులు ముందుకి రాలేదు.

“స్క్రిప్టులో ఒక ప్రశ్న తక్కువైనట్టుందే” అన్నాడు.

“మీరు చూస్తూనే ఉన్నారుగా, మూత లేదని చెప్పొచ్చుగా!” అని అరిచింది అత్తయ్య.

“అది గైడు పరీక్ష కదా, నాది కాదుగా.”

ఆ తర్వాత అత్తయ్య ఇచ్చిన జవాబు ఏ స్క్రిప్టులోనూ పెట్టడానికి వీల్లేదు.

మర్నాడు మామయ్య అన్నం డబ్బా ఇంట్లోనే మర్చిపోతే, ఇవ్వడానికి మేనకోడలు మెట్ల కింద ఉన్న ఆయన గదికి వెళ్ళింది. తలుపు ఓరగా తీసి ఉంది. లోపల బల్ల మీద, వేరే బ్రాంచి నుంచి పంపిన పాత మెషిన్ ఒకటి పొట్ట విప్పి పడుకుని ఉంది. మామయ్య దాని మీద వంగి ఉన్నాడు. రెండు చేతులతో! స్క్రూలు ఊడుతున్నాయి, తీగలు మారుతున్నాయి, నోట్లో ఇంకో స్క్రూడ్రైవరు, కళ్ళు ఇంకెక్కడో. ఆ వేళ్ళు వాటంతటవే పరుగెడుతున్నాయి. నాలుగు టిక్కుటిక్కులు, మెషిన్ లేచి కూర్చుంది. పని రాదేమో అన్న అనుమానం అక్కడికక్కడే చచ్చిపోయింది. కానీ దాని స్థానంలో ఇంకో పెద్ద అనుమానం పుట్టింది.

“మామయ్యా! నువ్వు ముట్టుకుంటావా!”

మామయ్య దొంగతనంలో దొరికినవాడిలా చూసి, నోట్లోంచి స్క్రూడ్రైవరు తీశాడు. “దీని ముందు కుర్చీలో ఎవరూ లేరు కదే” అన్నాడు. “డబ్బాలో ఏం పెట్టింది మీ అత్తయ్య? టమాటా కాదు కదా?”

కుర్చీలో ఎవరూ లేకపోతే ముట్టుకోవడమేమిటో, ఉంటే ముట్టుకోకపోవడమేమిటో ఆమెకి అంతుపట్టలేదు. ఆలోచించడానికి తీరికా లేదు. సోమవారం తరుముకొస్తోంది.

బస్టాపులో నిలబడి చివరి పంచాయితీ పెట్టింది. “మామయ్యా, బాగుచెయ్యి బటను కూడా పెట్టేస్తాను. క్యాషియరమ్మ దాన్ని నొక్కితే సగం రోగాలు స్క్రిప్టే కుదిర్చేస్తుంది. ఆవిడ్ని నమ్ముకుని నా ఉద్యోగం నీళ్ళల్లో కలుపుకోమంటావా?”

“పెట్టుకో. ఉద్యోగం నీది.”

“కోపమా?”

“నాకెందుకే కోపం? ఆ బటను నొక్కితే ఎక్కడ ఏం జరిగిందో నొక్కినవాళ్ళకి తెలుస్తుందా?”

“తెలియదు. తెలియక్కర్లేదు కూడా.”

“మిక్సీ స్విచ్చి లాంటిదన్నమాట.”

బస్సు వచ్చింది. సీట్లో కూర్చున్నాక మేనకోడలికి వంటింటి కప్పు గుర్తొచ్చింది. అడక్కుండా జరిగిపోయేది ఎంత దూరం చిందుతుందో కళ్ళారా చూసిన పిల్ల. దిగేలోపు నిర్ణయం అయిపోయింది. మెషిన్‌ని అడిగి తెలుసుకోగలిగినవి స్క్రిప్టు నిశ్శబ్దంగా మెషిన్‌నే అడుగుతుంది. మనిషి చూసి చెప్పాల్సినవి మనిషినే అడుగుతుంది. చేసేది మాత్రం మనిషే. బాగుచెయ్యి బటను లేదు. ఇలా అనుకున్నాక ఆమెకి మళ్ళీ పాత గట్టి నడక వచ్చేసింది. “నెగ్గుతాం మామయ్యా” అంది. “నెగ్గకపోతే చిరునామాలైనా తప్పుల్లేకుండా టైపు చేస్తాను.”

సోమవారం మేనేజరు అందరికంటే ముందు ఆఫీసుకొచ్చాడు. పరీక్షకి రోగం ఆయనే పెట్టాలి కదా! క్యాషియరమ్మ మెషిన్‌లో దూరి, ఆవిడ రసీదులు పక్కనున్న ప్రింటర్లో కాకుండా మూడో అంతస్తులో ఉన్న ప్రింటర్లో పడేలా మార్చేశాడు. తన తెలివికి తనే మురిసిపోతూ బల్ల చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు. ఆ ప్రదక్షిణలో ఆయన బూటు బల్ల కింద ఉన్న ప్లగ్గుల బోర్డుకి తగిలి, ప్రింటరు స్విచ్చి ఆరిపోయింది. స్విచ్చి ఆరిపోయిందని అందరికీ తర్వాత తెలిసింది. ఆయనకి మాత్రం అప్పుడు అస్సలు తెలియదు.

పరీక్ష టైముకి కౌంటరు చుట్టూ ఆఫీసంతా చేరింది. క్యాషియరమ్మ కొంగు నడుముకి దోపి కూర్చుంది. మేనకోడలు గోడకి ఆనుకుంది. మామయ్య ఆవిడ కుర్చీకి పక్కగా, మామూలు భంగిమలో నిలబడ్డాడు.

“ఎవరూ మాట్లాడకూడదు. ఊ, రసీదు కొట్టండి” అన్నాడు మేనేజరు.

కొట్టింది. ఏమీ రాలేదు. ఆవిడ గైడు తెరిచింది.

“ప్రింటరు ముందువైపు చిన్న దీపం వెలుగుతోందా?”

ఆవిడ మౌసుని రెండు వేళ్ళతో పట్టుకుని, అవును మీదికి పోయి, కాదు మీదికి పోయి, ఊపిరి పీల్చుకుని ‘ఏమో’ నొక్కింది. మేనేజరు కనుబొమలు పైకి లేచాయి. “ఏమో కూడా ఉందా!” తెర మీద ప్రింటరు బొమ్మ వచ్చింది, దీపం ఉండే చోట ఎర్రగా గుండ్రం చుట్టి. ఆవిడ బొమ్మనీ ప్రింటర్నీ మార్చి మార్చి చూసి, “కాదు” నొక్కింది, ఈసారి కొంచెం గట్టిగా.

“ప్రింటరు వెనక నుంచి ఒక నల్ల తీగ కిందికి దిగుతుంది. అది ఎక్కడికి వెళ్తోందో దాని వెంట వెళ్ళి చూడండి.”

ఆవిడ కుర్చీలోంచి వంగి తీగని చేత్తో పట్టుకుంది. తీగ బల్ల కిందికి వెళ్ళింది. తీగ వెంట తలా వెళ్ళింది. “ఇక్కడ ఇంకో తీగ ఉందేంటి... ఇది ఫ్యానుదా... ఉండండి, ఉండండి...” అంటూ బల్ల కింద నుంచి గొంతు వినిపిస్తోంది.

మేనేజరుకి కాళ్ళు నిలవలేదు. తను పెట్టిన రోగం ఒకటైతే ఆవిడ బల్ల కింద ఏదో వెతుకుతోంది. “అక్కడ కాదండీ, అబ్బబ్బ, ఇలా రండి, ఇటివ్వండి” అని మౌసు మీదికి చెయ్యి చాపాడు.

ఆ చెయ్యి మౌసుని చేరలేదు. మధ్యలోనే ఎవరో మణికట్టు పట్టుకున్నారు. ఎవరా అని చూస్తే, మామయ్య.

మూడంతస్తులూ నోరు తెరిచాయి. “బాబోయ్, ముందుకొచ్చాయి!” అని వాచ్‌మన్ గొణిగాడు. మేనకోడలు కళ్ళు మూసుకుంది. ఆమె కళ్ళ ముందు లేబుల్ సెక్షను, కట్టలు కట్టల చిరునామాలు.

“చెయ్యి వదలండి” అన్నాడు మేనేజరు.

“వదుల్తాను సార్. ఆవిడ చూస్తున్నారు కదా, చూడనివ్వండి.”

“నేను ఒక్క క్షణంలో...”

“మీరు చేసేస్తారు సార్, నాకు తెలుసు. ఆవిడ చూస్తున్నారు.”

బల్ల కింద టిక్ మంది. ప్రింటరు దీపం వెలిగింది, లోపల చక్రాలు ఒళ్ళు విరుచుకున్నాయి. క్యాషియరమ్మ పైకి లేచింది, జుట్టుకి దుమ్ము, ముఖం నిండా వెలుగు. “స్విచ్చి ఆరిపోయి ఉంది!” అని, ఎవరి వంకా చూడకుండా మళ్ళీ రసీదు కొట్టింది. మళ్ళీ రాలేదు. మేనేజరు ముఖంలో అప్పుడు చిరునవ్వు మొలిచింది. తన రోగం ఇంకా పదిలంగానే ఉంది.

“కాగితం రాలేదా? తెర మీద పైన ఒక ప్రింటరు పేరు ఉంది. అది మీ పక్కన ఉన్నదేనా?”

ఏమో.

“మీ ప్రింటరు నుదుటి మీద ఒక పేరు అంటించి ఉంటుంది. రెండు పేర్లూ ఒకటేనా?”

ఆవిడ కళ్ళజోడు సర్దుకుని ప్రింటరు ముఖంలో ముఖం పెట్టింది. “దీని మీద కౌంటరు అని ఉంది. అక్కడేమో మూడో అంతస్తు అని...” ఒక్క క్షణం ఆగింది. “అయ్యో! నా రసీదులన్నీ పైకి పోతున్నాయా ఏంటి!”

ఇక ఆవిడ గైడు మాట కోసం ఆగలేదు. పేర్ల వరసలోంచి కౌంటరుని ఎంచుకుంది, నొక్కింది. ప్రింటరు గుర్రుమని రసీదు కక్కింది. సరిగ్గా అప్పుడే పై నుంచి అటెండరు కాగితాలు ఊపుకుంటూ దిగాడు. “ఎవరివండీ ఈ రసీదులు? మా మీద పడుతున్నాయి!”

చప్పట్లతో కౌంటరు అద్దాలు అదిరాయి. క్యాషియరమ్మ మేనేజరు వైపు తిరిగింది. “ఆ ప్రింటరు పేరు మీరే మార్చుంటారు, పరీక్ష కదా. ఆ స్విచ్చి ఎవరు ఆపారు సార్? నేను ఆపలేదు.”

మేనేజరు తన బూటు వంక చూసుకున్నాడు. ఏదో లెక్క తేలినట్టుంది, చెవులు ఎర్రబడ్డాయి.

“ఆ స్విచ్చి వదులైందండీ” అన్నాడు మామయ్య, అప్పటిదాకా పట్టుకునే ఉన్న మణికట్టు వదిలేసి. “ఊరికే దానంతటదే ఆరిపోతుంటుంది. సాయంత్రం మార్చేస్తా.”

మేనేజరు గొంతు సవరించుకున్నాడు. మణికట్టు రుద్దుకుంటూ, “అమ్మాయ్, అన్ని బ్రాంచీలకీ పంపించు. నీ కాగితాల మీద రేపు సంతకం పెడతాను” అన్నాడు. “ఒక్క బటను చాలనుకున్నాను. కానీ స్విచ్చి వెయ్యడానికి ఏ బటనూ బల్ల కిందికి దూరదు కదా.”

మేనకోడలికి గాల్లో తేలినట్టుంది. ఆ సందట్లో క్యాషియరమ్మ ఆమె చెయ్యి పట్టుకుని పక్కకి లాగింది.

“మీ మామయ్య ఇవాళ ఎందుకు చెయ్యి పట్టుకున్నాడో తెలుసా?”

“తెలీదండీ. ఉద్యోగం పోయిందనుకున్నాను.”

“ఈయన రాకముందు ఒకాయన ఉండేవాడమ్మా. మంచి పనిమంతుడు. వస్తూనే ‘లేవండి’ అనేవాడు. నా కుర్చీలో కూర్చుని టకటకా కొట్టేసి వెళ్ళిపోయేవాడు. మెషిన్ బాగయ్యేది, నేనెందుకు కాదనాలి? కానీ కౌంటరు ముందు జనం బారులు తీరి చూస్తుంటే, నేను నా కుర్చీ వెనకాల నిలబడేదాన్ని. తప్పు చేస్తే క్లాసు బయట నిలబెట్టిన పిల్లలా. మీ మామయ్య మొదటిసారి వచ్చినప్పుడు కూడా అలవాటుకొద్దీ లేచాను. ‘కూర్చోండమ్మా, మీరుండగా నేనెందుకు?’ అని చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. అంతే. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఈ ఆఫీసులో ఎవర్నీ కుర్చీలోంచి లేపలేదు.”

“అందుకా?”

“ఈసారి ఎవరి దగ్గరైనా నిలబడ్డప్పుడు వెనక్కెళ్ళి చూడు. మా కౌంటర్లో వెనక కూర్చునేవాళ్ళకి కనబడుతుంది. ఒక చెయ్యి ముందుకి దూకాలని చూస్తుంటుంది. రెండో చెయ్యి దాన్ని పట్టుకుని ఆపుతుంటుంది.”

మేనకోడలు పరుగున మెట్ల కింద గదికి వెళ్ళింది. “మామయ్యా, క్యాషియరమ్మ అంతా చెప్పింది!”

“ఏం చెప్పింది?”

“నువ్వు కుర్చీలోంచి ఎవర్నీ లేపవని. అందుకే ముట్టుకోవని.”

మామయ్య ముఖం కందగడ్డలా అయింది. “అదేం కాదే. జనం ఆ కీబోర్డుల మీద బిస్కెట్లు తింటారు. ఛీ, నాకు అసహ్యం.”

“మరి అత్తయ్య కుళాయి?”

“అది... చల్లగా ఉంటుంది” అన్నాడు. నయం, ఫోన్ మోగింది.

మేనేజరు. బ్రాంచీల పెద్దలందరినీ తెర మీద కూర్చోబెట్టి కొత్త గైడు గురించి గొప్పగా చెబుదామనుకున్నాడట. పెదవులు కదులుతున్నాయి గానీ ఎవరి మాటా వినిపించడం లేదు. మామయ్యా, మేనకోడలూ క్యాబిన్లోకి వెళ్ళేసరికి ఆయన కుర్చీలోంచి లేచేశాడు. “రండి రండి, కూర్చోండి, తొందరగా చూడండి.”

“మీరు కూర్చోండి సార్.”

“నాకు టైం లేదండీ.”

“కూర్చోండి సార్.”

మేనేజరు కూర్చున్నాడు. తెర మూల గైడు కనిపిస్తూనే ఉంది. దాని వంక చూసి, గాజు తలుపు అవతల జనం వంక చూసి, “అమ్మాయ్, ఆ కర్టెన్ కాస్త లాగు” అన్నాడు నెమ్మదిగా. మేనకోడలు లాగింది. లాగి, ఊరికే మామయ్య వెనక్కి వెళ్ళి నిలబడింది. క్యాషియరమ్మ చెప్పింది నిజమే. కుడిచెయ్యి వేళ్ళు గిలగిల్లాడుతున్నాయి. ఎడంచెయ్యి మణికట్టుని బిగించి పట్టుకుని ఉంది.

మేనేజరు గైడు తెరిచి ఒకటి నొక్కాడు, రెండు నొక్కాడు, గొణుక్కున్నాడు, స్పీకరు వెనక్కి తల పెట్టాడు, ఏదో గుండ్రంగా ఉన్నదాన్ని పట్టుకుని తిప్పాడు. ఒక్కసారిగా గది నిండా మాటలు. “... ఆయనకి వినపడట్లేదులే, మనం వెళ్ళి టీ తాగొద్దాం పదండి...”

“వినపడుతోంది!” అని గర్జించాడు మేనేజరు. తెర మీద అందరూ చటుక్కున కూర్చున్నారు. ఆయనకి కోపం నిలవలేదు. ముఖమంతా విచ్చుకుంది. వాళ్ళ సంగతి వదిలేసి ఇటు తిరిగాడు. “చూశారా? నేనే చేశాను! ఎవరూ ముట్టుకోలేదు!”

మామయ్య కళ్ళు పెద్దవి చేశాడు. “అవును సార్! ఎలా చేశారు సార్?”

మేనకోడలు ఉలిక్కిపడి చూసింది. స్పీకరు పక్కన శబ్దం పెంచే గుండ్రటి మీట ఉంటుందని, అది సున్నాకి తిరిగి ఉంటే తిప్పాలని, ఆ స్క్రిప్టులో రాయించిందే ఈయన. మామయ్య ముఖంలో మాత్రం జన్మలో మొదటిసారి స్పీకరు చూసినవాడి ఆశ్చర్యం.

“అదా, చెబుతాను” అన్నాడు మేనేజరు, కుర్చీలో వెనక్కి వాలి. “మీరు కంప్యూటర్ల మనిషే గానీ ఈ సౌండు విషయంలో ఒక కిటుకు ఉందండీ. లోపల కరెంటు ఒకవైపు నుంచి వస్తుంది చూడండి, అది...”

అదంతా తప్పు. మేనకోడలు నోరు తెరవబోయింది. మామయ్య తలూపుతూ, ఊ కొడుతూ, శ్రద్ధగా వింటున్నాడు. ఆమె నోరు మూసుకుంది.

“అయితే సార్, ఆ కరెంటు మళ్ళీ వెనక్కి ఎలా వెళ్తుంది?” అని అడిగాడు మామయ్య.

“మంచి ప్రశ్న” అన్నాడు మేనేజరు. పక్కనున్న కుర్చీని కాలితో ముందుకి జరిపాడు. “మీరు కూర్చోండి. ఇది కొంచెం పెద్ద విషయం.”